ఉతకని దిండు గలీబు

ఏం పాపా, నైటీ ఉతికి తెచ్చినావా? సంచి తీయకముందే తెలిసిపోయింది. సబ్బు వాసన నీకంటే ముందు మెట్లెక్కి వచ్చింది. మడత కూడా పెట్టినావు. ఫోన్లో చెప్పినా కదా, ఒంటి మీద విడిచినది తీసుకురా అని. సిగ్గుపడినావు. అందరూ పడతారు. మొదటి రోజే ఉతకని గుడ్డ తెచ్చిన తల్లిని నేనింతవరకూ చూడలేదు. కూర్చో. బిడ్డను ఇట్లియ్యి. పేరేంది? సూర్యకిరణా. గోదావరి పక్క కదా మీది, ఆ 'అండీ'లోనే తెలిసిపోతాది. మాది రాయచోటి దగ్గర. ఈ గదిలో అన్ని యాసలూ ఉండాయిలే. పిల్లోళ్ళు మాత్రం అందరూ ఒకటే యాసలో ఏడుస్తారు. నీ బస్సుకు ఇంకా టైముండాది కదా. అయితే చెప్తా విను. చెప్పకుంటే నువ్వు వచ్చే శుక్రవారం కూడా ఉతికే తెస్తావు.

ఈ పద్ధతి నేను పెట్టింది కాదు. సంజీవమ్మక్క పెట్టింది. గోడ మీద ఫోటో కోసం చూడొద్దు, లేదు. ఫోన్ ఎత్తితే చాలు మొహం తిప్పేసేది. ఈ గది మొదలుపెట్టిందే ఆయమ్మ. అంతకుముందు ఇండ్లల్లో చేసింది, నీ మాదిరే, నా మాదిరే. మల్ల ఏమనుకునిందో, ఈ కువైట్‌లో, ఇదే అబ్బాసియాలో, ఇదే బిల్డింగులో, కింద హబీబ్ కొట్టు, పైన ఈ రెండు గదులు. ఇండ్లల్లో పని చేసేవాళ్ళ బిడ్డలు, తండ్రి ఒక చోట తల్లి ఒక చోట ఉండే బిడ్డలు, ఊరికి పంపడానికి కాయితాల్లేని బిడ్డలు, అందరినీ తెచ్చి ఇక్కడ పెట్టుకునేది. మనవాళ్ళనే కాదు, సిలోను బిడ్డలు, నేపాలు బిడ్డలు. ఇంత ఇయ్యమని ఎవర్నీ అడిగింది లేదు. హబీబ్ పాలడబ్బాలు పంపేవాడు. ఒక్కోసారి గట్టిపడిన బ్రెడ్డు కూడా పంపేవాడు. 'హబీబ్ భాయ్, మా బచ్చాలకు దంతాలు రానీ, అప్పుడు పంపించు' అని అదే సంచిలో వెనక్కి పంపేది. హబీబ్ ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. పెద్ద మనిషైపోయినాడు, మోకాళ్ళు వంగవు. సరే.

తల్లులకు సెలవు శుక్రవారమొక్కటే కదా. వచ్చి, బిడ్డను ఎత్తుకోని, సాయంత్రం దించేసి పోవాల. దించినప్పటి నుంచి మొదలయ్యేది ఏడుపు. అందుకని ఆయమ్మ ఏం చేసిందంటే, పోయేటప్పుడు విడిచిన నైటీ ఒకటి పెట్టి పొమ్మనేది. ఎవరి బిడ్డ పక్కలో వాళ్ళమ్మ నైటీ. మళ్ళీ శుక్రవారం అది ఇచ్చేసి కొత్తగా విడిచినది తీసుకునేది. బాత్రూములు కడిగే క్లోరాక్స్ వాసన ఉండేది, తాలింపు వాసన, వాళ్ళిండ్లల్లో వేసే బుఖూర్ పొగ వాసన. బిడ్డకు అదంతా కలిపి అమ్మ.

ఒకసారి సంగమోళ్ళు చూడ్డానికి వస్తామన్నారు. మనవాళ్ళు, మలయాళం వాళ్ళు కలిసి పెట్టుకున్న సంగం, ఇప్పుడు నీతో మాట్లాడినారే, వాళ్ళే. అప్పటికింకా ఈ గదిని వాళ్ళు తీసుకోలేదు. నచ్చితే బాడుగ వాళ్ళే కట్టుకుంటారు. సంజీవమ్మక్కకు ఎప్పుడూ లేనిది గాబరా పట్టుకునింది. తల్లులందరికీ ఫోన్ చేసింది. 'ఈ శుక్రవారం మాత్రం అందరూ ఉతికి, మంచివి తీసుకురండి. వచ్చేవాళ్ళు చదువుకున్నోళ్ళు, ముక్కు మూసుకుంటారు' అని. తన పద్ధతిని తానే తప్పింది చూడు. తల్లులు ఊరికే ఉంటారా. ఒకామె కొత్తది కొని తెచ్చింది. ఒకామె ఏకంగా పట్టుచీర తెచ్చిందంట, బిడ్డ పక్కలోకి.

మరుసటి రోజు సంగమోళ్ళొచ్చినారు. గది అద్దం మాదిరి ఉండాది. బిడ్డలు మాత్రం అందరూ ఒకేసారి ఏడుపెత్తుకున్నారు. ఒకరు ఆపితే ఒకరు. సూర్యావతిగారని, మీ పక్క ఆవిడే, చెవుల్లో వేళ్ళు పెట్టుకోని, 'ఏవండీ సంజీవమ్మగారూ, పిల్లలు రోజూ ఇలాగే ఏడుస్తారాండీ?' అనిందంట. ఆయమ్మ నిజం చెప్పాలంటే నైటీల కత చెప్పాల. నోరు రాలేదు. 'ఈపొద్దే మేడమ్' అనింది. వాళ్ళు నమ్మలేదు. ఇంత ఏడ్చే బిడ్డలకు ఒక్క ఆడమనిషి ఏం సరిపోతాదని, బాడుగా ఇచ్చి, ఇంకో మనిషిని కూడా పెట్టుకోమన్నారు. అట్లా పెట్టుకున్న మనిషినే నేను. ఆ ఏడుపు పుణ్యమా అని వచ్చినా.

మిగతా తల్లులందరూ మరుసటి శుక్రవారం మామూలు నైటీలు తెచ్చేసినారు. చంద్రిక రాలేదు. చంద్రిక మా పక్క పిల్లే, నీ ఈడుది. సల్వాలో ఒక పెద్దింట్లో చేసేది. మొగుడు మహేష్ షువైఖ్‌లో మెకానిక్కు. వాళ్ళ బిడ్డ పేరు యశస్విని. అంత పేరు ఎవరు పిలుస్తారు, యశీ అనేవాళ్ళం. అప్పటికి పది నెల్ల బిడ్డ. చంద్రిక పనిలో చేరేటప్పుడు ఆ ఇంటి మామాకు, అదే ఇంటి యజమానమ్మకు, బిడ్డ ఊర్లో అవ్వ దగ్గర ఉండాదని చెప్పింది. ఇక్కడే ఉండాదంటే ఎవరు పెట్టుకుంటారు? మనసంతా బిడ్డ మీద పెట్టుకుంటాది, రోజూ సెలవడుగుతాది అంటారు. నువ్వేం చెప్పినావో నేనడగనులే.

ఎండాకాలం కదా, ఆ ఇంటోళ్ళు చల్లటి దేశం పోతూ చంద్రికను కూడా ఎక్కించుకున్నారు. అప్పటికప్పుడు చెప్పినారంట. విమానాశ్రయంలో బాత్రూములో నుంచి ఫోన్ చేసింది. గుసగుసగా. 'అక్కా, రెండు నెల్లంట. ఏ ఊరో కూడా నాకు తెలియదు. యశీని చూసుకో. ఏమన్నా చేయి, బిడ్డ ఇక్కడుండాదని ఈ ఇంటోళ్ళకు మాత్రం తెలియనీయొద్దు అక్కా, నీ కాళ్ళు మొక్కుతా. ఊర్లో ఇల్లు గోడల కాడ నిలిచిపోయుండాది.' 'తెలియనీయను పో' అనింది సంజీవమ్మక్క. నేను పనిలో చేరిన వారమే అది, పక్కనే ఉండా. విన్నా.

యశీ దగ్గరుండేది ఆ కొత్త నైటీ, కొని తెచ్చింది చంద్రికే. చీటీ కూడా తీయలేదు. బిడ్డ దాన్ని ముఖానికి తీసుకునేది, చూసేది, పక్కకు తోసేది. మొదట రెండు రోజులు ఏడ్చింది. ఆ తర్వాత ఏడవడం మానేసింది. అది ఇంకా కష్టం. సీసా నోట్లో పెడితే నాలుకతో బయటికి నెట్టేది. చెంచాతో ఉప్పూ చక్కెరా నీళ్ళు పోసినాం, కొంచెం పోయేది, కొంచెం కారేది. పెదవుల మీద తెల్లగా పొక్కులు లేచినాయి. ఫర్వానియాలో డాక్టరు చూసి, జొరం లేదు, గొంతు బాగుంది, తల్లి ఎక్కడ అన్నాడు. ఇట్లాగే ఉంటే ఆస్పత్రిలో పెట్టి సెలైను ఎక్కించాల్సి వస్తాది అన్నాడు. ఆస్పత్రిలో పెట్టాలంటే కాయితాలు కావాల. బిడ్డకు కాయితాలు లేవు.

మహేష్ వచ్చినాడు. 'నాది ఉండాదిగా వదినా' అని బనీను విప్పి ఇచ్చినాడు. ఇంజనాయిలు వాసన. బిడ్డ తుమ్మింది. ఇంకోసారి పెడితే ఇంకోసారి తుమ్మింది. ఆయప్ప నవ్వినాడు. మల్ల మెట్ల మీద కూర్చోని చాలాసేపు లేవలేదు. పెండ్లాం బట్ట ఒకటన్నా నీ గదిలో లేదారా అని అక్క అడిగితే, మొగోళ్ళ గది వదినా, దాని బట్టలన్నీ సల్వాలోనే అన్నాడు.

అప్పుడు ఆయమ్మ పైన నల్ల అబాయా వేసుకునింది. 'రెడ్డెమ్మా, బిడ్డను చూసుకో, సల్వా పోయొస్తా.' యాడికక్కా, తెలియనీయనని మాటిచ్చినావు కదా అన్నా. 'ఇచ్చినా. ఉతికి తెమ్మన్నదీ నేనే' అనింది. అంతే అనింది.

ఆ ఇంట్లో పెద్ద మామా ఒక్కతే ఉండాది, ముసలామె, విమానం పడదని ఉండిపోయింది. సంజీవమ్మక్క చంద్రికకు అక్కనని చెప్పి, దాని గదిలో ఉండే దిండు గలీబు కావాలనింది. ముసలామె 'షిను?' అనింది. ఏందీ అని. ఎందుకు? ఉతుక్కోని తెస్తా మామా. మా ఇంట్లో మిషను లేదా? ఉండాది మామా. అయితే ఎందుకు?  సంజీవమ్మక్కకు వచ్చిన అరబ్బీ అంతా వంటింటి అరబ్బీ, ఉల్లిగడ్డ తే, నీళ్ళు పోయి, అంతవరకే. ముసలామె మొహం మారిపోయింది. 'సిహ్ర్' అనింది. సిహ్ర్ అంటే చేతబడి పాపా. ఇక్కడ ఆ మాట ఊరికే అనరు. మనిషి తల పెట్టిన గుడ్డ, వెంట్రుకలు అంటిన గుడ్డ, అదీ ఉతకనిది, ఎవరైనా అడిగినారంటే ఇంకేమనుకుంటారు. ముసలామె ఫోన్ చేతికి తీసుకునింది. కొడుక్కి చేస్తాదో, పోలీసుకు చేస్తాదో.

పారిపోయి రావచ్చు. వాకిలి తెరిచే ఉండాది. మాట దక్కేది, చంద్రిక పనీ దక్కేది. మెట్టు మీదే నిలబడినానే రెడ్డెమ్మా, కాళ్ళు వెనక్కి పోలేదు అని నాతో చెప్పింది. 'మాఫీ సిహ్ర్ మామా. బేబీ' అనింది, చేతబడి కాదు, బిడ్డ కోసం అని. చేతులతో ఊపి చూపించింది. చంద్రిక బేబీ, కువైట్‌లో ఉండాది, పాలు తాగదు, నిద్ర పోదు, అమ్మ వాసన కావాల అని. వాసనకు మాట తెలియక ముక్కు పట్టుకోని గాలి పీల్చి చూపించింది. ముసలామె ఫోన్ దించింది. 'బింత్?' ఆడపిల్లే మామా. ఎన్ని నెల్లు? వేళ్ళు చూపించింది. ముసలామె సోఫాలో కూర్చునింది.  మల్ల లేచి, గోడ పట్టుకోని, మెట్ల కింద గదికి తానే పోయింది. దిండు నుంచి గలీబు తానే ఊడదీసింది. ముక్కు దగ్గర పెట్టుకోని చూసింది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి పోకుండా ముడేసి, ఆ ముడి మీద ఇంకో ముడి వేసింది. ఇచ్చేటప్పుడు చెప్పింది. పాలు తాగే బిడ్డను ఇంట్లో లేకుండా చేసి, నా మనవళ్ళకు పాలు కలిపించుకున్నామా ఇన్నాళ్ళూ. ఆ పాపం నా ఇంటికి వద్దు. తిరిగొచ్చినాక చంద్రిక ఖలాస్, ఇంక పని లేదు. టిక్కెట్టిస్తాం, బిడ్డను తీసుకోని పోవాల. సంజీవమ్మక్క 'వద్దు మామా' అని బతిమిలాడింది. ముసలామె వినలేదు. కోపం కూడా లేదంట. మంచి చెప్తాండా అనే అనుకునింది ఆమె.

ఎండలో బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకోని వచ్చింది. ఇక్కడ, నువ్వు కూర్చున్నావే, ఆ మూలనే ముడి విప్పినాం. బిడ్డ పక్కలో వేసినాం. యశీ తల ఇట్లా తిప్పింది. పిల్లికూన మాదిరి ముక్కు దూర్చింది. ఆనక ఒక్క నిట్టూర్పు. పెద్దోళ్ళ నిట్టూర్పు మాదిరి ఉండింది. నిద్ర పోయింది. లేచినాక సీసా నోటికి అందిస్తే పట్టుకునింది. సంజీవమ్మక్క గోడ తట్టు తిరిగి కూర్చునింది. నేను గిన్నెలు తోమను పోయినా.

రెండు నెల్లకు ఆ ఒక్క గుడ్డే కదా. నిద్ర టయానికి తీసేవాళ్ళం, బిడ్డ కండ్లు మూయగానే మళ్ళీ సంచిలో పెట్టి ముడి. వాసన అయిపోతాదని. నూనె పొదుపు చేసినట్టు చేసినాం.

చంద్రిక తిరిగొచ్చింది. అప్పటికే ఆ ఇంట్లో ఖలాస్ చెప్పేసినారు. సామానుతోనే వచ్చింది. ఒళ్ళంతా ఆ దేశం సబ్బు వాసన, మామా ఇచ్చిన అత్తరు. చేతులు చాపితే యశీ మొహం తిప్పేసి నా మెడ పట్టుకునింది. చంద్రిక చేతులు దించలేదు, అట్లే పెట్టుకోని ఉండాది. సంజీవమ్మక్క సంచి ముడి విప్పి, గలీబు తీసి, చంద్రిక భుజం మీద వేసి, నా దగ్గర్నుంచి బిడ్డను తీసుకోని దాని మీద పడుకోబెట్టింది. అప్పుడు ఊరుకునింది.

'చెప్పొద్దంటిని కదక్కా' అనింది చంద్రిక. 'అన్నావు' అనింది ఆయమ్మ. ఇంకేం లేదు. ఎంబసీ చుట్టూ తిరిగి బిడ్డకు కాయితాలు చేయించుకోని, వాళ్ళు విమానమెక్కి పోయినారు. ఆ పిల్ల మళ్ళీ ఫోన్ చేయలేదు. వాళ్ళ ఇల్లు లేచిందో లేదో మాకు తెలియదు. సంజీవమ్మక్క ప్రతి శుక్రవారం ఫోన్ చేతిలో పెట్టుకోని తిరిగేది. ఎవరైనా చేస్తారేమోనన్నట్టు. నేనడగలేదు. నా కొడుకు నేను లేకుండానే ఊర్లో పెరిగినాడు, నాకు అడిగే నోరు లేదు.

కరోనాలో పోయింది ఆయమ్మ. ఆంబులెన్సు వాళ్ళు వేసుకున్న గుడ్డల మీదనే తీసుకుపోయినారు, నన్ను ఎక్కనీయలేదు. బిడ్డలందరూ ఆయమ్మను అవ్వా అనేవాళ్ళు. తల్లుల నైటీలు పక్కలో ఉన్నా ఆపొద్దు ఎవరూ పడుకోలేదు. వాకిలెనక కొక్కేనికి ఆయమ్మ నైటీ ఒకటి ఉండాది, పొద్దున విడిచినది. అది తెచ్చి మధ్యలో పరిచినా. ఇప్పటికీ దాన్ని ఉతక...

నువ్వింకా కూర్చోనే ఉండావే. కింద బస్సోడు హారన్ కొడతాండాడు. ఈ ఉతికింది నువ్వే పట్టుకుపో. ఆ మెడలో చున్నీ తీసి ఇట్లియ్యి.