సర్కారు గంజి

ఖూనీ నేరం మీద జైల్లో పడ్డ నాతవరం తాతబ్బాయి తరఫున సర్కారు ఖర్చుతో వాదించడానికి నర్సీపట్నం నుంచి ప్లీడరు సోమయాజులుగారు వచ్చారు. తాతబ్బాయికి నమ్మకం కుదరలేదు.

"నన్ను పట్టుకున్నోడికి జీతం ఎవులిత్తారు బాబూ?"

"సర్కారు."

"ఉరి తీసీవోడికి?"

"సర్కారే."

"మరి తమరికి?"

"నాకూ సర్కారే. అయితే ఏమిటట?"

"ఏటంటే, అందరూ ఒక్క ఇంటి సుట్టాలే. మెడొక్కటే నాది!"

"ఒరే, నీకోసం ఆ సర్కారు మీదే వాదిస్తానురా!"

"అయితే ఈ సర్కారు గంజి ఓ గుక్క తాగి, ఎలాగుందో సెప్పండి," అంటూ తాతబ్బాయి జైల్లో తనకి పోసిన గంజి ముంత ముందుకు జరిపాడు.

ప్లీడరుగారు విసుగెత్తి, మడి సంగతి కూడా మరిచి, గుక్కెడు తాగి ఉమ్మేశారు.

"ఛీ! ఉప్పు లేదు సరికదా, పురుగులు ఈతలు కొడుతున్నాయి! మనుషులు తాగేదేనా ఇది? ఇప్పుడే కలెక్టరుకి అర్జీ పెడతాను!"

తాతబ్బాయి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"సాలు బాబూ! నా మెడ తమరి సేతుల్లో ఎట్టీసినాను."