హేమమాలిని గారు రాయని పుస్తకం

1995 ఏప్రిల్ మూడవ తేదీ సోమవారం నాడు జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్‌లోని మా చిన్న ప్రచురణ సంస్థలో సహాయ సంపాదకురాలిగా చేరిన శ్రీమతి హేమమాలిని గారు, ముప్పై ఒక్క సంవత్సరాల సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. స్థానిక ఆహారం గురించి, ప్రకృతికి భారం కాని జీవనం గురించి మాత్రమే పుస్తకాలు వేసే ఈ సంస్థలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. వారి భర్త భాస్కరమూర్తి గారి కోరికపై, ఈ అభినందన సంచికలోని జర్మన్ వ్యాసాల నడుమ ఈ ఒక్కటి తెలుగులో రాస్తున్నాను.

2002లో సీనియర్ సంపాదకురాలైన నాటినుంచి రై రొట్టెల మీద, నేలమాళిగలో దుంపలు నిలవచేసే పద్ధతుల మీద, కనుమరుగవుతున్న ఆపిల్ రకాల మీద అరవైకి పైగా గ్రంథాలను ఆమె తీర్చిదిద్దారు. కొలత తప్పితే ఒక కుటుంబం చలికాలపు తిండి పాడవుతుందన్నది ఆమె భయం.

2011లో ఒక రచయిత పులియబెట్టిన చిక్కుళ్ళకు "పిడికెడు ఉప్పు" అని రాశారు. "ఎవరి పిడికెడండీ?" అని అడిగి, సంచిలో వంటింటి తక్కెడ పెట్టుకుని, ఆ వంటకం చెప్పిన ఎర్నా గారి పల్లెకు బస్సులో వెళ్ళారు. ఎనభై ఆరేళ్ళ ఆ వృద్ధురాలి పిడికిలిని ఐదుసార్లు తూచి, సగటు కట్టి తెచ్చారు. ఆనాటి నుంచి ప్రతి శనివారం అక్కడికే ప్రయాణం. ఎర్నా గారి సీసాల్లో పద్నాలుగు రకాల చిక్కుడు విత్తనాలు ఉండేవి. వాటి సాగు, వంట, చరిత్ర ఆమె నోట తప్ప కాగితం మీద ఎక్కడా లేవు.

2013లో హేమమాలిని గారు నా గదికి వచ్చారు. అప్పుడు సంపాదక వర్గానికి నేనే అధ్యక్షుణ్ణి.

"రావు గారూ, ఆ చిక్కుళ్ళ మీద పుస్తకం రాయడానికి నాకు ఆరు నెలలు ఇవ్వండి చాలు. ఎర్నా గారికి ఎనభై ఎనిమిది. ఆవిడ మన కేటలాగ్ కోసం ఆగరు కదండీ."

"వచ్చే ఏడు చూద్దామమ్మా. వీగన్ సిరీస్ డెడ్‌లైన్ నెత్తి మీద ఉంది, మీరు లేకపోతే అది కదలదు."

మరుసటి ఏడు కూడా అదే జవాబిచ్చాను. 2015 వసంతంలో ఎర్నా గారు కన్నుమూశారు. ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చిన బంధువులు పాత గింజలనుకుని అన్నిటినీ తడిచెత్త వేసే బయోమ్యూల్ డబ్బాలో పారబోశారు. సోమవారం హేమమాలిని గారు నా గుమ్మంలో నిలబడి, "సీసాలు మాత్రం శుభ్రంగా కడిగి పెట్టారండీ" అన్నారు. అంతే. తన సీటుకు వెళ్ళి, సాయంత్రానికి ఆనాటి ప్రూఫులు పూర్తిచేశారు.

కిందటి నెల నేనే వెళ్ళి అడిగాను. "ఇప్పుడైనా రాయండమ్మా, నేను వేయిస్తాను."

"రాయొచ్చండీ. విత్తనమే లేని చిక్కుడు గురించి చదివి ఎవరేం నాటుకుంటారు?"

ఆ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

అభినందన సంచికలో క్షమాపణ రాయడం మర్యాద కాదేమో. కానీ ఆమె సేవలను ప్రశంసించడానికి నాకంటే అర్హులెందరో ఉన్నారు. ఆమెకు జరిగిన నష్టాన్ని చెప్పవలసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. శ్రీమతి హేమమాలిని గారు భాస్కరమూర్తి గారితో కలిసి, సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో, మనసుకు నచ్చిన పనికి మరొకరి అనుమతి అడగనవసరం లేని సంవత్సరాలు అనేకం గడపాలని చేతులు జోడించి కోరుకుంటున్నాను.

వెంకటరామారావు