చదివే పెట్టినా సార్

"తాతా, మా నాయన శవపంచనామా మీద సంతకం పెట్టింది నువ్వేనంట. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్తా, కూర్చో సలోమీ. పదేండ్ల కిందట, ఎండాకాలం. నువ్వప్పుడు ఆరో తరగతో, ఏడో... సరే, చిన్నదానివి. ఓర్వకల్లు పక్క మన చేన్లు ఫ్యాక్టరీకని సర్కారోళ్లు కొలవను వచ్చిరి. జనం రోడ్డుకు అడ్డం కూర్చునిరి. మీ నాయన దావీదు ఆ గుంపులో లేడమ్మా. పిండిమిషను కాడినుంచి జొన్నపిండి సైకిలు మీద పెట్టుకొని వస్తాండె. పోలీసోళ్లు కాల్చిరి. తూటా వెనకనుంచి తగిలె. నేను దగ్గర్లోనే ఉంటి. పరిగెత్తి చూస్తే ఆయన చేతులకు పిండి తప్ప ఏమీ లేదు.

ఆసుపత్రి కాడ ఎస్సై వచ్చి, "చదువొచ్చినోళ్లు ఎవరన్నా ఉండారా? పంచనామాకు సాక్షి కావల్ల" అనె. మా బామ్మర్ది కిష్టప్ప ఊరుకుంటాడా? "మా బావను పిలువు సార్, రాత్రిబడి పండితుడు!" అని ఎగతాళి. నాకు పౌరుషం వచ్చె. యాభై ఏండ్లప్పుడు నేర్చుకుంటి కదా, పగలు కూలికి పోయి, రాత్రి పలక పట్టుకొని. పలక అప్పుడు ఆర్రూపాయలు... కాదు, ఐదే. అచ్చు అక్షరాలైతే చదువుతా, బస్సు బోర్డు చదువుతా. చేత్తో గొలుసుగా రాస్తే నాకు చీమలబారే. ఆ మాట ఎవరికీ చెప్పలే. కాగితం పట్టుకొని కండ్లు పైనుంచి కిందికి తిప్పితి.

"చదివినావా?"

"చదవకుండా పెడతానా సార్?"

దాంట్లో ఏముండెనో తర్వాత తెలిసె. రాళ్లు రువ్వి పారిపోతాంటే తగిలిందని, జేబులో రాళ్లు దొరికినాయని.

మీయమ్మ ఊరుకోలే. మానవ హక్కుల కమిషనుకు అర్జీ పెట్టె. లాయరు చెప్పె, ప్రాణం తీసింది సర్కారు తూటా అయితే, ఎందుకు తీసినారో సర్కారే జవాబు చెప్పల్లంట, చట్టం అట్ల ఉండాదంట. సర్కారు కాడ ఉండే జవాబు ఆ కాగితం ఒక్కటే. దాని కింద నా సంతకం.

కర్నూల్లో విచారణ. "దావీదు కాడ రాళ్లు లేవు సార్, పిండే" అంటి. విచారణ చేసే సారు ఆ పంచనామా కాగితం చూపించె. "సంతకం నీదేనా?"

"నాదే."

"మరి రాళ్లు దొరికాయని ఇందులో ఉంది. చదివే పెట్టావా?"

మళ్లీ కాగితం మీద కండ్లు తిప్పితి. ఆయన మంచోడమ్మా. మెల్లగా అనె, "పెద్దాయనా, చదవడం రాకపోతే చెప్పు. తప్పేం లేదు."

ఆ మాటే నన్ను పొడిచె. వెనక ఊరోళ్లు ఉండారు, కిష్టప్ప ఉండాడు.

"వచ్చు సార్. చదివే పెట్టినా" అంటి.

మీయమ్మ నాపక్క చూసె. తిట్టలే. తిట్టింటే బాగుండు. బయటికొచ్చినాక కిష్టప్ప, "నేను తమాషాకు అంటి కదా బావా, ఇంత మొండోడివేంది" అని ఏడ్చె. అర్జీ కొట్టేసిరి.

ఇప్పుడు హైకోర్టుకు పోతాండావు. పోవల్ల. నా వాంగ్మూలమని నువ్వు రాసుకొచ్చిన ఈ కొత్త కాగితం నాకు ఈయొద్దు, నువ్వే చదివి వినిపించు, రెండుసార్లు. నేను చదవలేదని, చదవలేనని ఉండాదా దాంట్లో? ఉంటే పెడతా. నువ్వు సల్లగుండల్ల తల్లీ. నాకు బుద్ధి రావడం శానా ఆలస్యమాయె...

మీయమ్మ పోయిన వానాకాలం పాయె. ఆమె పోయేనాటికి సర్కారు కాగితాల్లో దావీదు రాళ్లు రువ్వినోడే. కాల్చినోళ్లను ఎవరూ ఏమీ అడగలే.