పసుపు పెయింటు గడప

ఆపరేషన్ అయి, నెల్లాళ్ళు పళ్ళిపట్టులో పుట్టింట ఉండి, ఆమె తిరుత్తణిలో తన ఇంటిముందర రిక్షా దిగింది. భర్త బ్రష్షు పట్టుకుని గడప లోపల నిలబడి ఉన్నాడు.

“ఇదేంది, గడపకు పెయింటు కొట్టినారా?”

“పసుపురంగే. కుంకం బొట్లు గూడా పెయింటుతోనే పెట్టినా. ఇంక శుక్రవారం శుక్రవారం నువ్వు వంగి పసుపు పూసే పనిలేదు.”

“పాత పసుపు?”

“గరుకు ఉప్పుకాగితం పెట్టి రెండు దినాలు రుద్దినా. కొయ్య తెల్లగా వచ్చేసింది.”

“అయ్యో, మీ అమ్మ పూసిన పసుపు గూడా అందులోనే ఉండె గదా!”

“నాకు తోచనే లేదు. నిన్ను వంగొద్దని డాక్టరమ్మ చెప్పిందే, అదొకటే తలలో ఉండె.”

“పెయింటు మీద పసుపు నిలవదు.”

“అయితే గీకేస్తా. వచ్చే శుక్రవారం నేనే పూస్తా.”

“మగోళ్ళు గడపకు పసుపు పూస్తే వీధంతా నవ్వుతారు.”

“నవ్వనీ. నువ్వు కుర్చీలో కూర్చోని బొట్లు యాడ పెట్టాలో చెప్పు. ఇవి వంకర పోయినాయి.”

“అట్లనే వంకరగా పెట్టండి. నేను పెట్టలేదని వీధికి తెలియాల.”