పదిహేను గీతలు

హలో… ఆ, నేనే అక్కా. షెడ్డులోనే ఉన్నాను… లేదు, ఇంకా తినలేదు. తింటాలే.

ఆ, నిన్న పోలీసుల దగ్గర్నుంచి తెచ్చి దింపారు బావ కారుని… ఇక్కడే, నా ఎదురుగానే ఉంది. టార్పాలిన్ కప్పి పెట్టాను.

తుక్కు కింద ఇచ్చెయ్యమంటావా… అప్పుడే వద్దు. రెండు రోజులు ఆగు… ఎందుకో చెప్తాను, ఆగు.

ఏంటీ? చిన్నదానితో ఏం చెప్పావు?… మీ నాన్నకి నీకంటే స్పీడే ముఖ్యం, అందుకే పోయాడని చెప్పావా… తొమ్మిదేళ్ళ పిల్లక్కా అది… ఏమంది?

ఆయన ఫోటో గోడవైపు తిప్పి పెట్టిందా.

…

ఏడవకు. ఏడవకుండా విను.

నిజమే, అందరూ అదే అంటున్నారు. ఈ రెండు వారాలూ పలకరించడానికి వచ్చినవాళ్ళంతా అదే మాట. అంత స్పీడు కారు కొన్నవాడు తిన్నగా నడుపుతాడా అని… నేనూ విన్నాను. విని నోరు మూసుకుని కూర్చున్నాను. అంతటి ఘనుణ్ణి నేను.

బావ ఎలా నడిపేవాడో నీకు తెలీదా అక్కా?… ఇంజిన్ వేడెక్కేదాకా గట్టిగా తొక్కేవాడే కాదు. పొద్దున్నే బండి కదలకముందే టైర్లలో గాలి చూసుకునేవాడు. బ్రేకు ఆయిలు ఏడాది తిరక్కుండా మార్పించేవాడు. ఇంటికొచ్చాక కూడా, స్పీడు పెంచే ఆ టర్బో మెల్లగా చల్లబడాలని ఇంజిన్ ఆపకుండా నిమిషం లోపలే కూర్చునేవాడు. నువ్వేమో గుమ్మంలో నిలబడి, ఆ బండినే చేసుకోకపోయావా అని దెప్పేదానివి… ఆ, నవ్వేవాడు… నా షెడ్డుకొచ్చేవాళ్ళలో అంత చాదస్తం ఇంకెవరికీ లేదు. అలాంటివాడు కూతుర్ని స్కూల్నుంచి తేవడానికి వెళ్తూ రేసులు పెడతాడా?

…

మరేమిటంటే… అక్కా, కూర్చున్నావా?… ముందు కూర్చో.

చక్రం. ముందు ఎడమ చక్రం… కాదక్కా, గుద్దుకున్నాక ఊడలేదు. ఊడాకే వెళ్ళి గోడకి గుద్దుకున్నాడు… ఎలా తెలుసంటే — పొద్దున టార్పాలిన్ తీసి చూశాను. బోల్టులు విరగలేదు. నట్లే వదులై ఒక్కోటీ జారిపోయాయి.

కంపెనీ తప్పా? కాదు… కాదక్కా, కంపెనీ ఏం చేస్తుంది.

ఆ రోజు బ్రేకు ప్యాడ్లు మార్చడానికి నాలుగు చక్రాలూ విప్పింది నేనేగా… బిగించిందీ నేనే. ముందు నట్లన్నీ చేత్తో తిప్పి పెడతాను. బండి కిందికి దించాక రెంచితో టక్కుమనేదాకా బిగిస్తాను. బిగించిన ప్రతి నట్టుకీ పసుపు రంగు గీత పెడతాను, సగం నట్టు మీద, సగం చక్రం మీద పడేలా. చక్రానికి ఐదు. మొత్తం ఇరవై. బావ బయల్దేరేముందు బండి చుట్టూ తిరిగి అవి లెక్కపెట్టుకునేవాడు. ఇరవై వస్తేనే తాళం అందుకునేవాడు…

పదిహేనే ఉన్నాయక్కా.

…

మూడు చక్రాల మీద ఉన్నాయి. ఊడినదాని మీద చుక్క రంగు కూడా లేదు.

…లేదు, ఆ రోజు లెక్కపెట్టుకోలేదు. తొందరలో ఉన్నాడు. అన్నీ అయ్యాయారా అని నన్నే అడిగాడు. అయ్యాయి బావా, నువ్వెళ్ళు అన్నాను… ఈ నోటితోనే అన్నాను.

…

తిట్టు… ఇంకా తిట్టక్కా. వింటున్నాను.

ఇన్‌స్పెక్టరుకా? నాలుగింటికి వస్తానన్నాడు బండి ఇంకోసారి చూడ్డానికి. చెప్పేస్తాను… షెడ్డు పోతే పోయింది. చిన్నదానికి మాత్రం ఇప్పుడే చెప్పు. ఫోటో ఇటు తిప్పమను. మీ నాన్న తప్పు కాదు, మీ మామయ్య తప్పని చెప్పు.

…ఎలా మర్చిపోయానా… మూడో చక్రం అయ్యేసరికి ఫోనొచ్చింది. మాట్లాడి పెట్టేశాక, అయిపోయిందనుకుని చేతులు తుడుచుకున్నాను. అంతే.

ఎవరో కస్టమరు… పేరు గుర్తులేదు… ఏదో పనిమీద చేశాడు, ఇప్పుడదెందుకు… ఎన్నింటికా? ఏమో… నా ఫోన్లో లేదక్కా. తీసేశాను… ఊరికే. ఊరికే తీసేశాను.

…

అక్కా, మాట్లాడు.

ఏం చేస్తున్నావు… ఫోన్లో ఆ రోజు కాల్స్ తీసి చూడకు. చెవి దగ్గరే పెట్టుకో… ఆ ఫోను నీది కాదంటున్నానుగా… అయినా తొందరగా పంపమని ఎవరైనా అంటారు. రోజూ పదిమంది అంటారు నాతో. రెంచి ఉన్నది నా చేతిలో అక్కా, నీ చేతిలో కాదు…

వింటున్నావా?

అక్కా…

హలో…