ఆరు స్పీడ్ బ్రేకర్లు

గచ్చిబౌలిలో ఒక అపార్ట్‌మెంట్ గేటు ముందు, నడుముకు బెల్టు కట్టుకున్న ఒకావిడ బైక్ టాక్సీ ఎక్కింది.

"ఫిజియోథెరపీ సెంటరుకండీ. స్పీడ్ బ్రేకర్ల మీద ఎగరేయకండి, నాకు నడుం నొప్పి."

"ఫికర్ చేయకుండ్రి మేడం. నాకు గూడ నడుం నొప్పే. స్పీడ్ బ్రేకర్ వస్తే దిగి బండి నూకుకుంట పోత."

"మరి నేనో?"

"మీరు గూడ దిగుడే."

"ఎన్నున్నాయేంటి?"

"ఆరు. ఒకదాని ఎంబడే ఒకటి. మాటిమాటికి ఎక్కి దిగుడెందుకని మొత్తం నడుస్త."

"ఆ మాత్రం దానికి బండెందుకండీ, నడిచే వెళ్లేదాన్ని! ఉన్నదే కిలోమీటరు."

"మరి నడవరేంది?"

"బద్ధకమండీ. నడవమన్న డాక్టరుకి రోజూ నడుస్తున్నానని అబద్ధం చెబుతున్నాను."

"మొదటిది వచ్చింది, దిగుండ్రి మేడం. ఇయ్యాల నిజమే చెప్పొచ్చు. రేపు ఎన్ని గంటలకు రావాలె?"