తెల్లబడని సంచులకి ఫ్రిజ్ మేస్త్రి వైద్యం

ఫ్రిజ్ మేస్త్రిని ఏదైనా అడిగామంటే ఆ పూటకి మా దుకాణాల సంగతి మర్చిపోవాల్సిందే. ఈ విషయం గడియారాలు బాగుచేసే నాకు తెలుసు, టీకొట్టు అక్కకి తెలుసు, పాపం టైలరమ్మకీ తెలుసు. కానీ ఆవిడ అవసరం ఆవిడది. చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించడానికి కూడా పక్కవాళ్ళని పిలవాల్సి వస్తోందని, కుట్టుపని తగ్గించి ఇంట్లోనే పుట్టగొడుగులు పెంచడానికి దిగింది. ఉడికించి ఆరబెట్టిన గడ్డి ఒక పొర, విత్తనం ఒక పొర వేసి సంచులు కట్టింది. ఇరవై రోజులకల్లా సంచి అంతా తెల్లటి బూజు అల్లుకోవాలట, ఆ తర్వాతే పుట్టగొడుగులు పుడతాయట. నెల దాటినా ఆవిడ సంచుల్లో బూజు నాలుగు వేళ్ళ మేర వచ్చి ఆగిపోయింది.

"అన్నయ్యా, ఉంచనా, పారేయనా? ఒక్క మాట చెప్పు. మళ్ళీ మొదలెట్టాలంటే గడ్డి ఇవాళే నానబెట్టాలి. ఇదీ చేతకాకపోతే నేనింక ఏం చేసుకుని బతకాలో నాకు తెలీదు," అంది.

ఆవిడ అడిగింది ఒక్క మాటే. మేస్త్రి టీ గ్లాసు పక్కన పెట్టి, కాళ్ళు బెంచీ మీదకి తీసుకున్నాడు.

"ఉంచడం, పారేయడం తర్వాత చెల్లెమ్మా, ముందు నా సంగతి విను. నేనూ మూడు సంచులు పెట్టా. నీకులాగే కదల్లేదు. పదిహేను రోజులు, ఇరవై... ఇరవై అనుకో. మా ఆవిడ పారేయమని గొడవ. నేను సంచి మీద అరచెయ్యి వేశా. ఎంతుందో చెప్పనా? పందొమ్మిది డిగ్రీలు! ముప్పై ఏళ్ళు ఫ్రిజ్జుల్లో చేతులు పెట్టినవాణ్ణి, నాకు థర్మామీటరు దేనికి? చలేస్తోంది దానికి, అంతే. తీసుకెళ్ళి మా ఫ్రిజ్జు వెనక, కంప్రెసర్ వేడి తగిలేచోట ఆనించా. మర్నాటికి జానెడు తెలుపు!"

ఇంతవరకూ బాగానే ఉంది. నాకూ నమ్మబుద్ధేసింది. టైలరమ్మ తన చేతిసంచిలోంచి గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తీసి, మా ముందున్న బల్ల మీద 'వేడి' అని రాసుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేడి రుచి తగిలాక దానికి పట్టపగ్గాల్లేవు. ఏడు సంచులూ ఒక్కసారే..."

"మూడన్నావుగా," అంది టీ అక్క.

"మూడు పెద్దవి, నాలుగు చిన్నవి. మధ్యలో మాట్లాడకక్కా, నాకు లెక్క తప్పుతుంది. ఏడు సంచులూ ఒక్కసారే చించుకుని బూజు బయటికొచ్చింది. పెరుగుతుంటే కరకరమని చప్పుడు, పక్కింటివాళ్ళు ఏం నములుతున్నారని అడిగారు. ఫ్రిజ్జులోకి దూరింది, మా ఆవిడ గిన్నె తీసి చూస్తే అందులో పాలేవో బూజేదో తెలీదు. అక్కణ్ణించి గోడ పట్టుకుంది. ఆ గోడకి పైనుంచి కిందదాకా చెయ్యి పట్టేంత పగులు. ఆ పగుల్లో దూరి, అటూ ఇటూ అల్లి కుట్టేసిందమ్మా, నీ కుట్టుకన్నా సన్నగా! ఇల్లుగలాయన ఇంజినీరుని పిలిపిస్తే ఆయన సుత్తితో కొట్టి చూసి, ఇంత గట్టి గోడ నేను నా సర్వీసులో కట్టలేదని దణ్ణం పెట్టాడు."

"ఎవరా ఇంజినీరు?" అన్నాను.

"బదిలీ అయిపోయాడు. విను. అంత జోరు మంచిది కాదని అన్నీ మోసుకెళ్ళి ఐసు ఫ్యాక్టరీలో పెట్టా."

టైలరమ్మ చేతిలో సుద్ద ఆగింది. "చల్లగానా?"

"మంచుదిమ్మల మధ్య! అసలు పెరుగుదల అక్కడే మొదలైంది."

"మరి వేడి తగిలితేనే పెరిగిందన్నావు?"

"వేడికీ పెరిగింది, చలికీ పెరిగింది. దాని అవసరాన్ని బట్టి మనం పోవాలి."

ఆవిడ కాసేపు బల్లకేసి చూసి, 'వేడి' కింద 'చలి' అని రాసింది. "తడి సంగతో అన్నయ్యా?"

"తడి దండిగా ఉండాలి. నేను పైపు పెట్టి కొట్టా. పన్నెండు సంచులూ మునిగిపోయాయి. అందుకని మళ్ళీ ఎండబెట్టా. పొడిగా ఉంటేనే కదమ్మా, తడి ఎక్కడుందా అని వెతుక్కుంటూ అవి పరిగెత్తేది?"

'తడి', దాని పక్కన 'పొడి'. ఇప్పుడు బల్ల మీద నాలుగు మాటలున్నాయి, ఏ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. టైలరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదువుకుంది. ఆవిణ్ణి చూస్తే జాలేసింది. ఆవిడ సంగతి అటుంచండి, వింటున్న నాకే బుర్ర తిరిగి, ఒళ్ళో విప్పి పెట్టుకున్న గడియారంలో ఏ చక్రం ముందు తీశానో మర్చిపోయాను.

"ఇంకప్పుడు పుట్టాయి పుట్టగొడుగులు! ఒకటైతే ఐసు ఫ్యాక్టరీ పైకప్పు ఎత్తేసింది. అప్పుడే వాన. షిఫ్టు దిగిన నలభైమందీ సైకిళ్ళతో సహా దాని కిందే నిలబడ్డారు, ఒక్కడి భుజం తడిస్తే నన్నడగండి. ఇంకోటి మా బిల్డింగు లిఫ్టు గుంటలో మొలిచింది. లిఫ్టు చెడిపోయి అప్పటికి ఆర్నెల్లు. ఇది కిందనించి నెట్టుకుంటూ జనాన్ని నాలుగో అంతస్తుదాకా ఎక్కించేది."

"మరి దిగేవాళ్ళో?" అన్నాను.

"దిగేవాళ్ళకి మెట్లున్నాయిగా."

"మేస్త్రీ, మీ ఇంటికి మేడే లేదు," అంది టీ అక్క.

"అప్పుడుండేదక్కా." ఆ మాట తనకే సరిగ్గా తోచినట్టు లేదు, ఒక్క క్షణం తల గోక్కున్నాడు. వెంటనే టైలరమ్మవైపు తిరిగాడు. "ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే చెల్లెమ్మా, రహస్యం ఒక్కటే. రోజూ చూసుకోవాలి. నేను మీ ఇంటికి రోజూ పొద్దున్నే వచ్చి, ఐదు సంచులకీ మూతి విప్పి, వేలు లోపలికి పెట్టి బూజు ఎక్కడిదాకా వచ్చిందో నొక్కి చూసి వెళ్తున్నానా లేదా? అందుకే ఆ నాలుగు వేళ్ళైనా వచ్చింది. నేను లేకపోతే అదీ లేదు."

"ఐదా?" అంది టైలరమ్మ.

"ఐదే. నేనేగా రోజూ చూసేది."

"నేను కట్టింది ఆరు కదా..." అని తనలో తనే అనుకుంటూ లేచింది. వేళ్ళు మడిచి ఒకసారి లెక్కపెట్టుకుంది, మళ్ళీ లెక్కపెట్టుకుంది. మాకేమీ చెప్పకుండా రోడ్డు దాటి ఎదురుగా ఉన్న తన ఇంట్లోకి వెళ్ళిపోయింది.

"కంగారుమనిషి, చెప్పేది పూర్తిగా వినదు," అని మేస్త్రి మావైపు జరిగాడు. "ఇంతకీ ఆ లిఫ్టు పుట్టగొడుగు ఆగిందనుకున్నారా? డాబా దాటి ఇంకా పైకి పోతే, విమానాలవాళ్ళు కబురు పెట్టారు, దాని మీద ఎర్రలైటు పెట్టుకోమని. ఆ లైటు నేనే బిగించా, ఎక్కడానికి మూడు రోజులు, దిగడానికి..."

టైలరమ్మ తిరిగొచ్చింది. రెండు చేతులతో ఒక చిన్న సంచి పొదివి పట్టుకుంది. సున్నం కొట్టిన గోడలా ఉంది సంచి. కింద నుంచి మూతిదాకా తెలుపే, గడ్డి కనబడితే ఒట్టు. ఆవిడకి ఆయాసం వస్తోంది, కళ్ళలో నీళ్ళున్నాయి.

"మిగిలిన గడ్డితో ఆఖర్న ఇది కట్టానన్నయ్యా. చోటు లేక కత్తిరింపు బల్ల కింద, ముక్కగుడ్డల వెనక తోసి మర్చిపోయాను. అదే గది, అదే విత్తనం, అదే రోజు కట్టింది. వేడీ పెట్టలేదు, చలీ పెట్టలేదు. తేడా ఒక్కటే, దీన్ని నువ్వు మూతి విప్పి చూళ్ళేదు."

టైలరమ్మ సంచిని చంకలో సర్దుకుని, బల్ల మీద సుద్దమాటలు నాలుగూ అరచేత్తో తుడిచేసింది.

"ఆ ఐదూ పారెయ్యను. ఇంకా కుళ్ళలేదుగా, మూతి గట్టిగా కట్టేసి గదికి తాళం వేస్తాను. రేపట్నించి నువ్వు మా ఇంటికి రావద్దన్నయ్యా. కోపంతో అనట్లేదు. కబుర్లకి ఇక్కడికే వస్తాను."

మేస్త్రి బెంచీ మీంచి కాళ్ళు దించి, లేచి, సంచి చుట్టూ సగం తిరిగి చూశాడు. ముట్టుకోబోయి, ఆవిడ వెనక్కి జరిగేసరికి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా," అన్నాడు మెల్లిగా, "నిండితే ఇలా ఉంటుందా?"